ఊపిరితిత్తుల క్యాన్సర్ బయోబ్యాంకులో ఉద్యోగం: మా అమ్మాయిని పంపవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ బయోటెక్నాలజీ ఆఖరి సంవత్సరంలో ఉంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ పరిశోధన కోసం రోగుల రక్తం, కణజాలం సేకరించి దాచే బయోబ్యాంకులో టెక్నీషియన్‌గా చేరతానంటోంది. ట్యూబులు తెచ్చి ఫ్రీజర్‌లో సర్దే పనికి ఇంత చదువెందుకని నా బాధ. జబ్బులేమైనా అంటుకుంటాయేమోనన్న భయమూ ఉంది. ఈ దారిలో ఎదుగుదల ఉంటుందా?

జవాబు: అమ్మా, ఫ్రీజర్‌లో సర్దడం ఈ పనిలో ఆఖరి ఐదు నిమిషాలు. అసలు పనంతా అంతకు ముందే జరిగిపోతుంది. రోగి ఒంట్లోంచి బయటికొచ్చిన మొదటి గంటా రెండు గంటల్లో నమూనాను ఎలా చూసుకున్నారన్నదాన్ని బట్టే, ఏళ్ళ తర్వాత దానిమీద చేసే పరిశోధన నిలబడేదీ లేనిదీ తేలుతుంది. ఆ గంటను కాపాడటానికే చదువుకున్న మనిషి కావాలి.

రక్తం సంగతే చూడండి. ఊదారంగు మూత ఉన్న, రక్తం గడ్డకట్టకుండా ఆపే ఈడీటీఏ ట్యూబులోకి తీశాక ఎనిమిది, పది సార్లు మెల్లగా తలకిందులు చేసి కలపాలి. గట్టిగా ఊపితే ఎర్రకణాలు పగిలి ప్లాస్మా, అంటే కణాలు తీసేశాక మిగిలే రక్తద్రవం, ఎర్రబారుతుంది. అందులో జన్యువుల పనిని అదుపుచేసే చిన్న అణువులైన మైక్రో ఆర్‌ఎన్‌ఏ కొలిస్తే వచ్చేవి నమ్మదగని అంకెలు. పొరపాటున ఆకుపచ్చ మూత హెపారిన్ ట్యూబు వాడితే మరో చిక్కు, హెపారిన్, డీఎన్ఏ నకళ్ళు పెంచి పరీక్షించే పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. గడ్డకట్టిన రక్తంనుంచి తేరే సీరం కావాలంటే వేరే ట్యూబులో తీసి, గది ఉష్ణోగ్రత వద్ద 30 నుంచి 60 నిమిషాలు నిలువుగా ఉంచి గడ్డకట్టనివ్వాలి.

కణితి నుంచి రాలిన డీఎన్‌ఏ తునకలు ప్లాస్మాలో తిరుగుతుంటాయి. రక్తపరీక్షతో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులోని మార్పును, అంటే మ్యుటేషన్‌ను పట్టుకోగలుగుతున్నది వీటివల్లే. అయితే ప్లాస్మాలో తేలే మొత్తం డీఎన్‌ఏలో కణితి వాటా చాలాసార్లు ఒక్క శాతం కూడా ఉండదు. ట్యూబు బల్లమీద ఊరికే పడి ఉంటే తెల్లకణాలు చితికి, వాటి డీఎన్‌ఏ ప్లాస్మాలోకి చేరుతుంది. ఉన్న కాస్త ఆనవాలూ పలచబడి పరీక్షకు అందకుండా పోతుంది. అందుకే ఈడీటీఏ ట్యూబైతే కొద్ది గంటల్లోనే, వీలైతే రెండు గంటల లోపే ప్లాస్మా వేరుచేయాలి. గిరగిరా తిప్పి కణాలను వేరుచేసే సెంట్రిఫ్యూజ్‌లో రెండుసార్లు తిప్పడం మామూలు పద్ధతి. మొదట 1600 జి బలంతో (జి అంటే భూమి ఆకర్షణకు ఎన్ని రెట్లన్న కొలత) 10 నిమిషాలు, పైన తేరిన ప్లాస్మాను కొత్త ట్యూబులోకి తీసుకుని మళ్ళీ 16,000 జి వద్ద 10 నిమిషాలు. ఇక్కడ కొత్తవాళ్ళు జి విలువను, నిమిషానికి ఎన్ని చుట్లన్న అంకెను ఒకటే అనుకుంటారు. రోటర్ వ్యాసార్ధం మారితే అవే చుట్లకు బలం మారిపోతుంది. ఏ యంత్రంలోనైనా సెట్ చేయాల్సింది జి విలువనే.

మొదటిసారి తిప్పాక ప్లాస్మాకూ ఎర్రకణాలకూ మధ్య సన్నని తెల్లపొర కనిపిస్తుంది. దాన్నే బఫీ కోట్ అంటారు. దానిపైన అర సెంటీమీటరు ప్లాస్మా వదిలేయాలి. ఇంకొంచెం వస్తుంది కదా అని పిపెట్ కిందికి దించితే తెల్లకణాలు లేచి కలిసిపోతాయి. ఆ పొరను పారేయకూడదు కూడా. వయసు పైబడినవారి తెల్లకణాల్లో క్యాన్సర్‌తో సంబంధం లేని మ్యుటేషన్లు పుడుతుంటాయి. వాటిని కణితివిగా పొరబడకుండా పోల్చిచూసేందుకు అదే రోగి బఫీ కోట్ కావాలి. ప్లాస్మాను అర మిల్లీలీటరు చొప్పున చలిని తట్టుకునే చిన్న సీసాలైన క్రయోవయల్స్‌లో పంచి మైనస్ 80 డిగ్రీల్లో పెడతారు. పెద్ద ట్యూబులో ఒకే ముద్దగా గడ్డకట్టిస్తే, ఎవరికి కాస్త కావాలన్నా మొత్తం కరిగించాలి. కరిగించి మళ్ళీ గడ్డకట్టించిన ప్రతిసారీ ప్రొటీన్లు, డీఎన్‌ఏ కొంత దెబ్బతింటాయి.

కణజాలం ఇంకా సున్నితం. సర్జన్ రక్తనాళాన్ని బిగించి కత్తిరించిన క్షణం నుంచే ఆ భాగానికి ఆక్సిజన్ ఆగిపోతుంది. కెమెరాతో చేసే సర్జరీలో ఆ తర్వాత ఊపిరితిత్తి భాగం ఛాతీలోంచి బయటికి రావడానికి కొంత సేపు పడుతుంది. కాబట్టి నాళం కట్టిన సమయం, బయటికి వచ్చిన సమయం, చలితో గడ్డకట్టించిన (ఫ్రీజ్ చేసిన) సమయం, మూడూ విడివిడిగా రాయాలి. ఈలోగా కణాలు బతికే ఉంటాయి. ఊపిరాడక కొన్ని జన్యువులను పెంచుతాయి, కొన్నిటిని అణుస్తాయి. ఆలస్యమైన నమూనాలో కనిపించే, ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో చెప్పే ఆర్‌ఎన్‌ఏ మార్పు క్యాన్సర్ చేసిందో, ఆ ఆలస్యం చేసిందో ఎవరూ విడదీయలేరు. బయటికొచ్చిన 30 నిమిషాల్లో గడ్డకట్టించాలన్నది చాలాచోట్ల పెట్టుకునే లక్ష్యం.

అంత తొందర ఉన్నా, కత్తి పెట్టాల్సింది మాత్రం కణజాలాన్ని పరీక్షించి జబ్బు తేల్చే డాక్టరు, అంటే పాథాలజిస్టే. కణితి ఊపిరితిత్తి పైపొర అయిన ప్లూరాలోకి చొచ్చుకుపోతే, సైజు చిన్నదైనా దాన్ని స్టేజ్ లెక్కలో టీ1 కంటే పై మెట్టైన టీ2గా లెక్కిస్తారు. పరిశోధనకని ఎవరో ఆ అంచునే కోసేస్తే రోగి స్టేజ్ నిర్ణయమే తప్పిపోతుంది. రోగి వైద్యం ముందు, పరిశోధన తర్వాత. ఈ వరసను ఏ ఒత్తిడిలోనూ మార్చకూడదు. చాలామంది రోగులకు జబ్బు ముదిరాకే బయటపడుతుంది కాబట్టి సర్జరీ ఉండదు, సూదితో తీసిన సన్నని ముక్కలే దొరుకుతాయి. వాటిలోంచి క్యాన్సర్ రకం, మందు ఎంపికకు చేసే ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే, పీడీ-ఎల్1 పరీక్షలు పూర్తికావాలి. బయోబ్యాంకుకు మిగిలితే మిగులుతుంది. లేకపోతే ఆ రోజు మీ అమ్మాయి ఖాళీ చేతులతో తిరిగి రావాలి.

అర సెంటీమీటరుకు మించని ముక్కను, ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచిన ద్రవమైన ఐసోపెంటేన్‌లో ముంచి గడ్డకట్టిస్తారు. నేరుగా నైట్రోజన్‌లో వేస్తే ముక్క చుట్టూ వాయుపొర ఏర్పడి చలి నెమ్మదిగా లోపలికి వెళుతుంది. మంచు స్ఫటికాలు పెరిగి కణాలను చీలుస్తాయి. ఊపిరితిత్తి గాలి నిండిన స్పాంజి లాంటిది, కణజాలం కుళ్ళకుండా ఉంచే ఫార్మలిన్‌లో వేస్తే తేలుతుంది. అందుకే శ్వాసనాళం గుండా ఫార్మలిన్ ఎక్కించి ఉబ్బిస్తారు. గడ్డకట్టించే ముక్కను అంతకు ముందే తీసుకోవాలి. ఫార్మలిన్ కణజాలానికి కనీసం పది రెట్లు ఉండాలి, 6 నుంచి 72 గంటలు నానాలి. ఎక్కువ రోజులు వదిలేస్తే డీఎన్‌ఏ ముక్కలై, లేని మ్యుటేషన్లు ఉన్నట్టు కనిపిస్తాయి. కంటికి కణితిలా కనిపించింది ఒక్కోసారి మచ్చకట్టిన కణజాలమో, కుళ్ళిన భాగమో అవుతుంది. గడ్డకట్టిన ముక్కలోంచి ఒక పొర కోసి, రంగువేసి, కణితి కణాలు ఎంత శాతమో పాథాలజిస్టు చూస్తేగానీ అది దాచదగ్గదో కాదో తెలియదు.

మీ అమ్మాయి స్వభావం గురించి ఆలోచించాల్సింది ఇక్కడే. సర్జరీ అనుకున్న టైముకు అవదు. నలభై నిమిషాలు ఆలస్యమైతే నలభై అనే రాయాలి. పది అని రాస్తే ఆ నమూనా మంచివాటిలో కలిసిపోయి పరిశోధన మొత్తాన్నీ పక్కదారి పట్టిస్తుంది, ఎక్కడ తప్పిందో ఎవరూ కనుక్కోలేరు. నిజం రాసిన ఆలస్యపు నమూనా మరో రకం పరీక్షకైనా పనికొస్తుంది. తన పొరపాటును తనే కాగితం మీద పెట్టగలిగిన పిల్ల అయితే నిశ్చింతగా పంపండి. లేకపోతే ఎన్ని మార్కులున్నా ఈ పని వద్దనే చెబుతాను.

రోగి సమ్మతిదీ అంతే గట్టి లెక్క. సంతకం లేని నమూనా ఎంత అరుదైనదైనా తీసుకోకూడదు. ట్యూబు మీద పేరు ఉండదు, కోడ్, బార్‌కోడ్ మాత్రమే. పేరును కోడ్‌తో కలిపే పట్టిక వేరేచోట తాళంలో ఉంటుంది. రోగి రేపు మనసు మార్చుకుంటే మిగిలిన ప్రతి వయల్‌నూ వెతికి తీయగలగాలి.

మీ భయం సంగతికొస్తే, క్యాన్సర్ అంటుకోదు. జాగ్రత్త పడాల్సింది హెపటైటిస్, హెచ్ఐవీ గురించి. ఊపిరితిత్తి కణజాలం కాబట్టి క్షయ గురించీ. హెపటైటిస్ బి టీకా ముందే వేయించుకోవాలి, పచ్చి కణజాలాన్ని క్రిములు బయటికి రాకుండా గాలిని వడకట్టే బయోసేఫ్టీ క్యాబినెట్‌లోనే తెరవాలి. అందరూ తేలిగ్గా తీసుకునేది ద్రవ నైట్రోజన్‌ను. ఒక లీటరు దాదాపు 700 లీటర్ల వాయువవుతుంది. మూసిన గదిలో ఒలికితే ఆక్సిజన్ తగ్గి, వాసనైనా రాకుండానే మనిషి స్పృహ తప్పుతాడు. ఆక్సిజన్ అలారం లేని గదిలోకి వెళ్ళనని అమ్మాయి మొదటి రోజే చెప్పాలి.

ఎదుగుదల ఉంది, కానీ టెక్నీషియన్‌గానే ఉండిపోతే తక్కువ. రెండు మూడేళ్ళు చేతిపని నేర్చాక దారులు చీలుతాయి. ఒకటి నాణ్యత విభాగం. బయోబ్యాంకుల కోసమే 2018లో వచ్చిన ఐఎస్ఓ 20387 అనే అంతర్జాతీయ ప్రమాణం తెలిసినవారు అందులో కావాలి. రెండోది నమూనాల డేటా, సాఫ్ట్‌వేర్ చూసే పని. మూడోది క్లినికల్ ట్రయల్స్ సమన్వయం. ఎమ్మెస్సీ చేసి పరిశోధనలోకి వెళ్ళాలనుకున్నా ఈ అనుభవం కలిసొస్తుంది. సొంతంగా ప్రయోగాలు చేయాలన్న ఆశే బలంగా ఉంటే మాత్రం ముందు పీజీ చేయమనండి. ఇక్కడ చేసేదంతా ఇతరుల ప్రశ్నలకు సరంజామా సిద్ధం చేయడమే.

చేరేముందు ఇంటర్వ్యూలో అమ్మాయి నాలుగు విషయాలు అడగాలి. రాతపూర్వక పని విధానాలు ఉన్నాయా, చివరిసారి ఎప్పుడు సవరించారు? ఫ్రీజర్ అలారం అర్ధరాత్రి మోగితే ఎవరి ఫోన్‌కు వస్తుంది, ఖాళీ ఫ్రీజర్ సిద్ధంగా ఉందా? ఒకే రోగి నమూనాలను రెండు ఫ్రీజర్లలో విడగొట్టి పెడతారా? దాచినవాటిలో ఏటా ఎన్ని పరిశోధకులకు వెళుతున్నాయి? ఆఖరి ప్రశ్నకు సూటి జవాబు రాకపోతే, ఇంకోచోట ప్రయత్నించమనండి.