చెయ్యి కుదరకుండా చేతిరాత కుదరదు

ప్రశ్న: మా బాబుకి నాలుగేళ్ల రెండు నెలలు, ఎల్‌కేజీ. రోజూ ఒక పేజీ అ, ఒక పేజీ ఆ రాసుకు రమ్మంటున్నారు. పెన్సిల్‌ని పిడికిలితో పట్టుకుంటాడు, నాలుగు అక్షరాలు రాసేసరికి చెయ్యి నొప్పి అని ఏడుస్తాడు. బద్ధకమా, నిజంగా నొప్పేనా?
– ఓ తల్లి, కాకినాడ

జవాబు: నిజంగా నొప్పేనమ్మా. మణికట్టులో ఉండే 8 చిన్న ఎముకలు పుట్టినప్పుడు మెత్తటి మృదులాస్థిగానే ఉంటాయి. నాలుగేళ్లకి అందులో కొన్నే గట్టిపడతాయి. వేళ్లకి బలం చాలనప్పుడు పిల్లవాడు భుజంతో రాస్తాడు, పెన్సిల్‌ని నొక్కి పట్టుకుంటాడు. నొప్పి అక్కడే మొదలు. కాగితం వెనక్కి తిప్పి వేలితో తడిమి చూడండి. గీతలు వెనకవైపు గట్లు కట్టి ఉంటే బాగా నొక్కి రాస్తున్నట్టే.

ముందు గీతలు చూడండి. నిలువు గీత, సున్నా, కూడిక గుర్తు చూసి వేయగలుగుతున్నాడా? మామూలుగా సున్నా మూడేళ్లకి, కూడిక గుర్తు నాలుగేళ్లకి, త్రిభుజం ఐదేళ్లకి వస్తాయి. ఏటవాలు గీతే రాని చేతిని సుడులున్న అక్షరం రాయమనడం అన్యాయం.

పొడుగు పెన్సిల్ పక్కన పెట్టి అంగుళంన్నర బలపం ముక్క ఇవ్వండి. అంత చిన్న ముక్క పిడికిట్లో ఇమడదు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు వాటంతట అవే ముందుకొస్తాయి. పలక మీద బలపం కాస్త గరగరలాడుతుంది కాబట్టి చెయ్యి జారదు, ఎటు వెళ్తోందో పిల్లవాడికి తెలుస్తుంది. పలకని గోడకి ఆనించి నిలబడి రాయనివ్వండి, మణికట్టు సరైన వంపులోకి వస్తుంది. రాత పది నిమిషాలకి మించొద్దు. మిగతా సమయంలో వేరుశనక్కాయలు ఒలవడం, చపాతీ పిండి ఉండలు చేయడం, తీగ మీద బట్టలకి క్లిప్పులు పెట్టడం చేయించండి. ఇవి చదువు మానేసి చేసే పనులు కావు, రాతకి అసలు సాధన ఇదే.

బడిలో టీచర్‌తో మాట్లాడి పేజీకి బదులు ఒక వరుస చాలని అడగండి. 2020 జాతీయ విద్యావిధానం 3 నుంచి 8 ఏళ్ల వరకు మొత్తాన్నీ ఒకే పునాది దశగా చూసింది. నాలుగేళ్లకే పేజీలు నింపాల్సిన తొందరేమీ లేదు.

ప్రశ్న: ఒకటో తరగతి చదివే మా మనవరాలు 3, 7 తిరగేసి రాస్తుంది. ఇరవై ఒకటి అంటే 201 అని వేస్తుంది. ఆరేళ్లు నిండాయి. ఏదైనా లోపమా?
– ఓ తాతగారు, హనుమకొండ

జవాబు: ఆరేళ్లకి ఇది లోపం కాదండీ. గ్లాసుని ఎటు తిప్పినా గ్లాసే అని పిల్లలు అప్పటిదాకా నేర్చుకున్నారు. అంకె తిప్పితే అంకె కాకుండా పోతుందన్నది వాళ్లకి కొత్త సంగతి. ఎనిమిదేళ్లు వచ్చినా తగ్గకపోతే, దానితో పాటు చదవడమూ కష్టమవుతుంటే అప్పుడు నిపుణులకి చూపించండి.

తప్పు కొట్టేసి పదిసార్లు రాయించొద్దు. అంకె ఎక్కడ మొదలవుతోందో చూడండి. 2, 3, 7 మూడూ ఎడమ పైమూల నుంచి కుడికి బయల్దేరతాయి. ఆ మూల ఒక రంగు చుక్క పెట్టండి. మొదలు సరిగ్గా పడితే చాలావరకు అంకె తిరగబడదు. చుక్కలు కలిపే పుస్తకాల వల్ల పెద్దగా లాభం లేదు. ఏ చుక్క దగ్గర మొదలుపెట్టినా బొమ్మ పూర్తవుతుంది, చేతికి దారి అలవాటు కాదు.

201 మాత్రం మంచి ఆలోచనే. ‘ఇరవై’ విని 20, ‘ఒకటి’ విని 1 వేసింది. చీపురుపుల్లలు పదేసి కట్టలు కట్టి రెండు కట్టలు, ఒక పుల్ల ఇవ్వండి. 20 అని ఒక అట్టముక్క మీద, 1 అని సగం వెడల్పున్న ముక్క మీద రాసి, 1ని ఆ సున్నా మీద కప్పించండి. సున్నా ఎక్కడికి పోయిందో కళ్లారా చూస్తుంది.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. పాపకి ఆరేళ్లు, ఇంగ్లీషు రాస్తుంది. తెలుగు అ నుంచే మొదలుపెట్టాలా? ప, వ, మ కలిపేస్తోంది.

జవాబు: పాడడానికి, చదవడానికి అ ఆ వరుసే బాగుంటుంది. రాయడానికి మాత్రం తేలిక రూపాలతో వెళ్లండి. సున్నా చుట్టి తలకట్టు పెడితే ర. అదే కింద తెరిస్తే గ. ఈ రెండూ కుదిరాక వ, దానికి కుడివైపు కొమ్ము లేస్తే మ. ప తల తెరిచి ఉంటుంది, తలకట్టు ఒంటికి తగలకుండా విడిగా నిలుస్తుంది. వ లో తలకట్టు కలిసే ఉంటుంది. ఈ ఖాళీని వేలితో చూపించండి. ఒకే రోజు రెండూ రాయించొద్దు, ఒకటి గట్టిపడ్డాకే రెండోది. ఋ, ఌ రాయడానికి తొందరేం లేదు.

ప్రశ్న: బాబు ఎడమచేత్తో రాస్తున్నాడు. మాన్పించాలా?

జవాబు: వద్దు. కాగితం ఒంటికి కాస్త ఎడమవైపు పెట్టి, పై ఎడమ మూల పైకి వచ్చేలా వాల్చండి. పెన్సిల్‌ని మొన నుంచి అంగుళంన్నర పైన పట్టుకుంటే రాసింది కనిపిస్తుంది, చెరిగిపోదు. బడిలో బెంచీకి ఎడమ చివర కూర్చోబెట్టమనండి, లేకపోతే పక్కవాడి మోచెయ్యి తగులుతూనే ఉంటుంది.