తోటి పిల్లల ముందు నిలబడాలా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మా 16 ఏళ్ల బాబు ఓ షాపులో 30 డాలర్ల ఇయర్‌ఫోన్స్ జేబులో వేసుకుని దొరికిపోయాడు. పోలీసులు టికెట్ ఇచ్చారు. టీన్ కోర్ట్‌కి వెళ్లే వీలుందంటున్నారు. అక్కడ వీడి ఈడు పిల్లలే లాయర్లు, శిక్ష తేల్చే జ్యూరీ కూడా వాళ్లే అట! వాలంటీర్లలో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. పరువేం కాను? ఫైన్ కట్టి వదిలించుకుంటే పోదా? పైగా ముందే తప్పు ఒప్పుకోవాలట. వీడిది హెచ్4, అంటే తల్లిదండ్రుల ఉద్యోగ వీసాను బట్టి పిల్లలకిచ్చే వీసా. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఓ తల్లి, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: అమ్మా, ముందు ఆ ఆఖరి మాట. మీవాడు జడ్జి ముందు నోరు విప్పకముందే ఒక ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని కలవండి. తర్వాత కేసు కొట్టేసినా, కోర్టులో ఒప్పుకున్న మాటను వీసావాళ్లు వేరేగా లెక్కవేయొచ్చు. ఇది వాట్సాప్ గ్రూపులో అడిగే సలహా కాదు.

ఫైన్ కడితే వదిలిపోదు. కట్టడమంటే దొంగతనం చేశాడని రికార్డుకెక్కడమే. టీన్ కోర్ట్ వేసిన పని 90 రోజుల్లో పూర్తిచేస్తే కేసు కొట్టేస్తారు, టెక్సాస్ చట్టంలోనే ఉంది. ఒప్పుకునేటప్పుడు తల్లో తండ్రో పక్కన ఉండాలి.

ఇక పరువు. నేను ఆంధ్రాలో ఆరేళ్లు, తప్పు చేసిన మైనర్ల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డులో కూర్చున్నాను. ఒక మేజిస్ట్రేటు, నాలాంటి సామాజిక కార్యకర్తలు ఇద్దరు. ముగ్గురం పెద్దవాళ్లమే. సెల్‌ఫోన్ కొట్టేసిన కుర్రాణ్ని "ఎందుకు చేశావురా?" అంటే తల దించుకుని "తప్పయింది మేడమ్" అనేవాడు. తర్వాతి వాడూ అదే ముక్క. వరండాలో ఎవరో నేర్పి పంపేవారు! మన 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో సమాజసేవ చేయించే వీలుంది గానీ, తోటి పిల్లల మాటకు చోటు లేదు.

రెండేళ్ల కిందట మా అమ్మాయి దగ్గరికి టెక్సాస్ వెళ్లినప్పుడు, టీన్ కోర్ట్‌లో ప్రాసిక్యూటర్‌గా ఉన్న మా మనవరాలి వెంట వెళ్లాను. అనుమతి తీసుకుని వెనక బెంచీలో కూర్చున్నాను. నల్ల గౌనులో ఉన్న జడ్జి పెద్దావిడే, మిగతా అందరూ పిల్లలు. షాపులో లిప్‌స్టిక్ తీసిన అమ్మాయి కేసు. నేనైతే దాని ధర అడిగేదాన్ని. మా పిల్ల అడిగింది: "ఇంట్లో అమ్మ చూస్తే ఏం చెబుదామనుకున్నావు?"

"ఫ్రెండ్ ఇచ్చిందని."

"ఏ ఫ్రెండ్? పేరు కూడా అనుకునే ఉంటావుగా?"

ఆ అమ్మాయి అప్పుడు ఏడ్చింది. నా ఆరేళ్లలో అలాంటి ప్రశ్న నాకు ఒక్కసారీ తట్టలేదు. ఆ అబద్ధం ఎలా అల్లుతారో ఆ వయసువాళ్లకే తెలుసు. మీరు పరువు పోతుందని భయపడుతున్నది ఆ తోటి పిల్లల చూపుల గురించే కదా, అక్కడ పనిచేసేది కూడా అవే.

అలాగని తాయెత్తు అనుకోకండి. అర్బన్ ఇన్‌స్టిట్యూట్ అనే అమెరికా పరిశోధన సంస్థ నాలుగు రాష్ట్రాల టీన్ కోర్టులను పరిశీలించి 2002లో నివేదిక ఇచ్చింది. అలాస్కాలోని యాంకరేజ్‌లో జడ్జీలు కూడా పిల్లలే. అక్కడ ఆరు నెలల్లో మళ్లీ తప్పు చేసినవాళ్లు నూటికి 6 మంది, మామూలు పద్ధతిలో వెళ్లినవాళ్లలో 23 మంది. మేరీల్యాండ్‌లో మాత్రం అలాంటి లాభమేమీ కనపడలేదు.

లోపలి మాట బయట చెప్పబోమని పిల్లల చేత ప్రమాణం చేయిస్తారు. అయినా తెలిసిన ముఖాలుంటాయని అనుమానముంటే కోఆర్డినేటర్‌కి ముందే చెప్పండి, వాళ్లను ఆ కేసు నుంచి తప్పించమని అడగండి.

క్షమాపణ ఉత్తరం రాయమన్నారనుకోండి, మీరు చెయ్యి పెట్టకండి. స్పెల్లింగ్ కూడా దిద్దొద్దు. అమ్మలు రాసినవి మొదటి లైనులోనే పట్టేస్తామని మా మనవరాలు అంటుంది.

ఆ తర్వాత ఒకట్రెండుసార్లు వాణ్నే జ్యూరీలో కూర్చోమంటారు. ఆ రోజు కారులో దింపి వచ్చేయండి. రాత్రి భోజనాల దగ్గర లోపల ఏం జరిగిందని అడగకండి. అడిగినా వాడు చెప్పకూడదు.