సర్వర్ మూతపడేలోపే మారిపోండి

మాస్టొడాన్ అంటే ఎవరికి వారు నడిపే వేర్వేరు సర్వర్లు కలిసిన సోషల్ నెట్‌వర్క్. అందులో మీ సర్వర్ ఈ నెలాఖరుకు మూతపడుతోంది, ఫాలోవర్లు, పోస్టులు అన్నీ పోతాయా అని అడిగారు కదండీ. ఫాలోవర్లను కాపాడుకోవచ్చు. కానీ పాత సర్వర్ నడుస్తుండగానే ఆ పని అయిపోవాలి.

ముందు ఇంకో సర్వర్‌లో ఖాతా తెరిచి, దాని సెట్టింగ్స్‌లో మీ పాత ఖాతాను మారుపేరుగా (అలియాస్) చేర్చండి. ఆ తర్వాతే పాత ఖాతాలోకి వెళ్లి, వేరే ఖాతాకు మారే ఆప్షన్‌లో కొత్త చిరునామా ఇవ్వండి. ఈ వరుస తిప్పేసి, పని చేయట్లేదని టెన్షన్ పడేవాళ్లు చాలామంది. ఫాలోవర్లు చాలావరకు ఆటోమేటిక్‌గా మారిపోతారు, కాస్త టైం పడుతుంది. మీరు ఫాలో అయ్యేవాళ్ల, బ్లాక్ చేసినవాళ్ల జాబితాలను మాత్రం సీఎస్‌వీ (పట్టికలాంటి టెక్స్ట్) ఫైళ్లుగా దించుకుని కొత్తచోట ఎక్కించాలి.

పోస్టులు రావు. పాత పోస్టుల ఆర్కైవ్ దించుకుంటే మీ దగ్గర కాపీ ఉంటుంది, అంతే. నా దృష్టిలో మాస్టొడాన్‌కు ఇదే పెద్ద లోటు. చిరునామాలో సర్వర్ పేరు ఉన్నంతకాలం మన గుర్తింపు సగం దాన్ని నడిపేవాళ్ల చేతిలోనే ఉంటుంది. బ్లూస్కై అనే ఇంకో సోషల్ నెట్‌వర్క్‌లో అయితే ఖాతాకు డీఐడీ అనే శాశ్వత గుర్తింపు విడిగా ఉంటుంది, సొంత డొమైన్‌నే హ్యాండిల్‌గా, అంటే ఖాతా పేరుగా పెట్టుకోవచ్చు.

అన్నట్టు, కొత్త సర్వర్‌ను చూసి ఎంచుకోండి. ఒకసారి మారాక, అదే పాత ఖాతా నుంచి మళ్లీ ఇంకోచోటికి మారాలంటే 30 రోజులు ఆగాలి.