నలుగురిలో నోరు విప్పని అబ్బాయి టీచరు కాగలడా?

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాడు. లెక్కల టీచరు కావాలని కోరిక. కానీ నలుగురిలో నోరు విప్పడు. ఇంటర్నెట్‌లో ఏదో వ్యక్తిత్వ పరీక్ష రాస్తే ‘అంతర్ముఖుడు, ఒంటరిగా చేసే పనులే నయం’ అని వచ్చింది. అప్పటినుంచి డీలా పడ్డాడు. ఈ వృత్తిలో వాడు సంతోషంగా ఉండగలడా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ పరీక్ష ఫలితాన్ని పక్కన పెట్టండి. అంతర్ముఖత కూడా ఎత్తులాంటిదే. పొట్టి, పొడుగు అని రెండే గదులు కట్టి అందరినీ వాటిలో సర్దలేం; ఎక్కువమంది మధ్యలోనే ఉంటారు. రెండు గదుల మధ్య గీతకు దగ్గరలో ఉన్నవాళ్లు కొన్ని వారాల తర్వాత మళ్లీ రాస్తే అవతలి గదిలో తేలవచ్చు.

పరిశోధకులు ఎక్కువగా వాడేది అయిదు గుణాల కొలమానం. వాటికీ ఉద్యోగ సంతృప్తికీ ఉన్న సంబంధాన్ని టిమొతీ జడ్జ్, డేనియల్ హెలర్, మైఖేల్ మౌంట్ 2002లో 163 నమూనాల (పరిశీలించిన బృందాల) ఫలితాలు కలిపి లెక్కకట్టారు. సున్నా అంటే సంబంధం లేదు, 1 అంటే పూర్తి సంబంధం. బహిర్ముఖతకు, అంటే నలుగురిలో చొరవగా కలిసిపోయే గుణానికి 0.25, బాధ్యతగా పనిచేసే గుణానికి 0.26, సౌమ్యతకు 0.17 వచ్చాయి. కొత్తదనం మీది ఆసక్తికి 0.02, లేనట్టే. అన్నిటికన్నా బలంగా కనిపించింది ఆందోళన స్వభావం: మైనస్ 0.29. అది ఎక్కువ ఉన్నవారిలో సంతృప్తి తక్కువ.

0.25ని వర్గం చేయమని మీ అబ్బాయికి చెప్పండి. ఆరు శాతం పైచిలుకు. మనిషికీ మనిషికీ సంతృప్తిలో ఉన్న తేడాలో బహిర్ముఖతతో ముడిపడింది అంతే. ఇంత చిన్న అంకె పట్టుకుని ఒక వృత్తినే వదులుకుంటారా?

ఇలాంటి అమ్మాయే ఒకరు నా దగ్గరికి వచ్చింది. కుర్చీ అంచున కూర్చుని, ఏది అడిగినా ఒక్క మాటతో సరిపెట్టింది. భిన్నాలను భాగించేటప్పుడు రెండో భిన్నాన్ని ఎందుకు తిరగేస్తామో నాకు ఏనాడూ అర్థం కాలేదన్నాను (నిజంగానే కాలేదు). నా ముందున్న కాగితం లాక్కుంది. “అరలో ఎన్ని పావులుంటాయి?” రెండు అన్నాను. “అరను పావుతో భాగించడమంటే అదే కదా! ఒకటిలో నాలుగు పావులు, అందుకే నాలుగుతో గుణిస్తాం.” ఆ తర్వాత పది నిమిషాలు నన్ను మాట్లాడనివ్వలేదు.

పిచ్చాపాటీ వేరు, తెలిసిన విషయం చెప్పడం వేరు. మీ అబ్బాయికి పాఠంకన్నా స్టాఫ్‌రూమ్ కబుర్లు, తల్లిదండ్రుల సమావేశాలు ఎక్కువ భారం కావచ్చు. తరగతుల మధ్య కాసేపు ఒంటరిగా కూర్చోవాలనిపిస్తుంది. అది లోపమేమీ కాదు. పైగా చేసే పని ఎలాంటిదన్నదానికి కూడా సంతృప్తిలో పెద్ద వాటా ఉంది. సొంతంగా నిర్ణయించుకునే వీలుందా, చేసిన పని ఫలితం కళ్లకు కనిపిస్తోందా అన్నవి 1976లోనే హ్యాక్‌మన్, ఓల్డ్‌హామ్ అనే పరిశోధకులు ముఖ్యమని చెప్పిన అంశాలు. కాబట్టి టీచరు ఉద్యోగమా అన్నదొక్కటే కాదు, ఎలాంటి బడి అన్నదీ చూసుకోవాలి.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది అబ్బాయి మౌనం కాదు, ‘డీలా పడ్డాడు’ అన్న మాట. మాట్లాడాలని లేక ఊరుకుంటున్నాడా, తప్పు మాట్లాడతానేమోనన్న భయంతోనా? మొదటిదైతే దిగులు లేదు. రెండోదైతే ఒంటరి ఉద్యోగంలో చేరినా ఆ భయం వెంట వస్తుంది. అయితే అది అభ్యాసంతో, అవసరమైతే మనస్తత్వ నిపుణుల సాయంతో తగ్గేదే.

తేల్చుకోవడానికి ఒక నెల చాలు. ముగ్గురు నలుగురు చిన్న పిల్లలకు రోజూ గంటసేపు లెక్కలు చెప్పమనండి. ఏ అరగంట తెలియకుండా గడిచిందో, ఏది ఈడ్చుకుంటూ నడిచిందో రాత్రికి ఒక్క వాక్యం రాసుకోమనండి. మీరు తలుపు చాటున నిలబడి వినకండి. నెల అయ్యాక ఆ నోటుపుస్తకంతో అబ్బాయిని ఒక్కడినే నా దగ్గరికి పంపండి. మీరూ వస్తానంటే రండి కానీ, బయట కూర్చోవలసి వస్తుంది.