అమ్మమ్మ టీవీకి క్యాప్షన్లు

బుజ్జమ్మా,

అమ్మమ్మకి వినికిడి తగ్గిందని, ఆవిడ టీవీలో మాటలు అక్షరాలుగా పడేలా చేస్తానన్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం వేసింది, వెంటనే బెంగా పట్టుకుంది. మొదటిరోజు సరిగ్గా రాలేదో, "నాకెందుకే ఇవన్నీ" అని గోడవైపు తిరిగి పడుకుంటుంది. మళ్లీ ఒప్పించడం నీ తరం కాదు, నా తరమూ కాదు. ఆవిడ లేనప్పుడే అన్నీ సరిచూసుకో.

టీవీలో ఆన్ చెయ్యడం తేలికే. మీది ఆండ్రాయిడ్ టీవీ కాబట్టి సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో క్యాప్షన్స్. నల్ల పట్టీ మీద తెల్లక్షరాలు పెట్టు. పట్టీ లేకపోతే తెల్లచీర సీను రాగానే అక్షరాలు కలిసిపోతాయి. సైజు మాత్రం ఆవిడ మంచం మీద కూర్చుని చూసి తేల్చు.

ఇక్కడే అందరూ బోల్తా పడతారు. ఆన్ చేశాం, సీరియల్లో ఏమీ రాలేదు, టీవీ పోయిందని మెకానిక్‌ని పిలుస్తారు. టీవీకేం కాలేదు. డిష్ బాక్సు నుంచి హెచ్‌డీఎంఐ వైరులో వచ్చేది తయారైపోయిన బొమ్మా శబ్దమూ మాత్రమే. చానల్ పంపిన సబ్‌టైటిల్‌ని విప్పి బొమ్మ మీద వెయ్యాల్సింది బాక్సు. అంచేత బాక్సు రిమోట్‌లో, బాక్సు మెనూలో వెతకాలి. అక్కడా లేదంటే చాలావరకు చానలే పంపట్లేదన్నమాట. మన తెలుగు సీరియళ్ల సంగతి ఎక్కువగా ఇంతే. వినికిడి లోపం ఉన్నవాళ్ల కోసం కేంద్ర సమాచార ప్రసార శాఖ 2019లోనే ప్రమాణాలు ప్రకటించింది. అయినా ఆవిడ చూసే సీరియళ్లకి అక్షరాలు రావట్లేదంటే నాకు కోపమే. ఆ లోటుకి నిన్ను నువ్వు తిట్టుకోకు, టీవీ మార్చమని మీ నాన్నని పోరకు.

యాప్‌లకి వేరే స్విచ్చులుంటాయి. యూట్యూబ్‌లో వీడియో నడుస్తుండగా సీసీ (క్లోజ్డ్ క్యాప్షన్స్) బటన్ నొక్కాలి. తెలుగు సినిమాకి కూడా చాలాసార్లు ఇంగ్లీషు సబ్‌టైటిలే ఉంటుంది. ఆవిడకి ఇంగ్లీషు రాదు కదా, భాష చూసుకోకుండా సినిమా మొదలుపెట్టకు. సినిమా యాప్‌లలో భాష పక్కన సీసీ అని రాసున్నదైతే సాధారణంగా తలుపు చప్పుడు, ఏడుపు కూడా రాస్తారు. ఉత్త సబ్‌టైటిల్‌లో మాటలే ఉంటాయి.

ఆవిడకి హరికథంటే ప్రాణం. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు పుట్టిన జిల్లా మనిషి మరి! అన్నం కలుపుతూ కూడా పద్యం అందుకునేది. రామకోవెల దగ్గర తీసిన మన హరికథ వీడియోకి నువ్వే అక్షరాలు రాసిపెట్టు తల్లీ, అంతకన్నా ఏం కావాలి. నోట్‌ప్యాడ్ చాలు. వరుస నంబరు, దాని కింద ఆ మాట తెరమీదకి వచ్చే, పోయే వేళ, దాని కింద మాట, తర్వాత ఒక ఖాళీ లైను. వేళ ఇలా ఉండాలి:

00:01:05,000 --> 00:01:09,000

సెకన్ల తర్వాత కామా, చుక్క కాదు. ఒకసారికి రెండు లైన్లు మించనియ్యకు, చదివేలోగా మాయమైపోతాయి. సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 పెట్టు, లేదంటే తెలుగు బదులు పిచ్చిగుర్తులు వస్తాయి. వీడియో పేరే దీనికీ పెట్టి, చివర .ఎస్‌ఆర్‌టీ అని ఇంగ్లీషులో చేర్చి, రెండూ పెన్‌డ్రైవ్‌లో ఒకే ఫోల్డర్‌లో వెయ్యి. వత్తులు విడిపోయి కనిపిస్తే టీవీతో వచ్చిన ప్లేయర్‌కి తెలుగు పేర్చడం రాదని అర్థం. వీఎల్‌సీ అనే ప్లేయర్ యాప్ వేసి చూడు.

బయట దొరికిన సబ్‌టైటిల్ ఫైలు మొదట సరిపోయి, పోనుపోను వెనకబడితే డిలే (అక్షరాలన్నిటినీ ఒకేలా ముందుకో వెనక్కో జరపడం) సర్దినా లాభంలేదు. అది ఫ్రేముల, అంటే సెకనుకి ఎన్ని బొమ్మలు నడుస్తాయన్న లెక్కలో తేడా. 25 ఫ్రేముల వీడియోకీ 23.976 ఫ్రేముల ఫైలుకీ నిమిషానికి రెండున్నర సెకన్లు తేడా పడుతుంది. వేరే ఫైలు వెతుక్కో.

అక్షరాలు వచ్చాయి కదా అని సౌండ్ తీసెయ్యకు. వినిపించిన కాస్త గొంతూ చదివిన మాటా కలిస్తేనే ఆవిడకి అందుతుంది. ఇంట్లోవాళ్లు అడ్డమని ఆఫ్ చేస్తే నాకు ఫోన్ చెయ్యి, నేను మాట్లాడతాను.

వీటన్నిటికన్నా ముందు శ్రీకాకుళంలో చెవి డాక్టరుకి చూపించు. గుబిలి గట్టిపడినా వినికిడి తగ్గుతుంది. ఒక చెవి ఉన్నట్టుండి పూర్తిగా మూసుకుపోయిందంటే టీవీ పక్కనపెట్టి ఆ రోజే తీసుకెళ్లు, ఆలస్యమైతే తిరిగి రాకపోవచ్చు.

బాక్సు రిమోట్ ఫొటో, వెనక వైర్ల ఫొటో ఈ రాత్రికే పంపు. ఏ బటనో చెబుతాను.

మీ మావయ్య,
బొబ్బిలి