తిరుపతి ఎంపీ ఐబీ, రా ఫైళ్లు తెప్పించుకుని చూడగలరా?

చూడలేరు, నిఘా సంస్థల పర్యవేక్షణ కోసమే చట్టం చేసి పెట్టిన పార్లమెంటు కమిటీ మనకు లేదు. దేశం లోపలి నిఘా చూసే ఐబీ హోంశాఖ కింద, విదేశీ నిఘా చూసే రా కేబినెట్ సచివాలయం కింద పనిచేస్తాయి. హోంశాఖపై ఉన్న పార్లమెంటు స్థాయీ సంఘం బడ్జెట్ పద్దులు చూస్తుంది గానీ, రోజువారీ పాలన జోలికి నిబంధనల ప్రకారమే పోదు. నిఘా సంస్థల నియంత్రణకు 2011లో కాంగ్రెస్ ఎంపీ మనీశ్ తివారీ పెట్టిన ప్రైవేటు మెంబర్ (మంత్రి కాని సభ్యుడి) బిల్లు చట్టం కాలేదు.

ఎంపీకి మిగిలింది ప్రశ్న, అదీ 15 రోజుల ముందు నోటీసిచ్చి. ఉదాహరణకు తిరుమల భద్రతకు కేంద్రం ఏం చేసిందని అడగొచ్చు, "ఐబీ ఏ హెచ్చరిక పంపింది?" అంటే రహస్యమని నోటీసు దగ్గరే ఆగిపోవచ్చు.

సమాచార హక్కు చట్టం వీటికి అసలు వర్తించదనుకోవడం పొరపాటు. సెక్షన్ 24 మినహాయింపు ఉన్నా, అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలపై ఏ పౌరుడైనా అడగొచ్చు. రెండోదానికి కేంద్ర సమాచార కమిషన్ ఆమోదం కావాలి, సమాచారం ఇవ్వడానికి గడువు 45 రోజులు.