గుర్రం అడవి దాటదమ్మలూ

అమ్మలూ,

నీ కథ పదహారు పేజీలూ ప్రింటు తీయించుకుని చదివాను. ఫోన్లో చదివితే కళ్ళు లాగుతున్నాయి, పైగా పక్కన పెన్సిల్‌తో గీతలు పెట్టకపోతే నాకు చదివినట్టే ఉండదు. చివరి కత్తియుద్ధం మీ అత్తయ్యకి పైకి చదివి వినిపించాను. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా లేవలేదావిడ. మెచ్చుకోలు అయిపోయింది, ఇక తిట్లు.

‘ఆఫ్రికాలో ఒక రాజ్యం’ అని మొదలుపెట్టావు. ఎక్కడమ్మా ఆఫ్రికాలో? మన దేశమంతటివి తొమ్మిది పడతాయి అందులో. హీరోకి పశ్చిమాన ఉండే యొరుబాల పేరు, చేతిలో దక్షిణాన ఉండే జులూల పొట్టి బల్లెం, ఊరి నడుమ ఈజిప్టు గుడి. కోనసీమ కుర్రాడికి మంగోలియా విల్లిచ్చి బర్మా పగోడా ముందు నిలబెట్టినట్టుంది.

ఆఫ్రికా నేల మీద కత్తులూ మంత్రాలతో నడిచే ఈ రకం కథలకి ఇంగ్లీషులో ‘స్వర్డ్ అండ్ సోల్’ అని పేరు. 1970లలో చార్ల్స్ సాండర్స్ అనే నల్లజాతి రచయిత ఒళ్ళు మండి మొదలుపెట్టాడు. తను ఇష్టంగా చదివిన కత్తులూ మంత్రాల కథల్లో నల్లవాళ్ళు అయితే బానిసలు, కాకపోతే ఆటవికులు. మరి నీ మూడో పేజీలో నిప్పు చుట్టూ గంతులేసే ఆ గుంపేమిటి? దాన్ని మొత్తం కొట్టేశాను. ఏడవకు.

ఒక్క ఊరు పట్టుకో. నాకు తెలిసిన ఊరు చెప్తాను. నేను 1979లో లెక్కల మాస్టారుగా ఉత్తర నైజీరియాలోని కానో వెళ్ళాను కదా. అక్కడికి దగ్గర్లో, నైజర్ సరిహద్దు పక్కన, దౌరా అని ఒక ఊరుంది. ఆ ఊళ్ళో కుసుగు అనే బావి. ఆ ప్రాంతపు జాతి హౌసా వాళ్ళ కథంతా ఆ బావిలోంచే పుట్టింది. బాగ్దాద్ రాజకుమారుడు బయాజిద్దా ఒక రాత్రి ఆ ఊరొచ్చి ఒక ముసలమ్మని మంచినీళ్ళు అడిగాడట. శుక్రవారం దాకా నీళ్ళు లేవు నాయనా, బావిలో పాము తోడుకోనివ్వదు అందావిడ. అతను వెళ్ళి చేద వేశాడు. తాడు పట్టుకుని పాము పైకొచ్చింది. కత్తితో తల నరికి సంచిలో వేసుకున్నాడు. ఆ ఊరినేలే రాణి దౌరమా అతన్ని పెళ్ళాడింది. బయాజిద్దా సంతతే ఏడు హౌసా రాజ్యాలనీ స్థాపించిందని చెప్తారు.

నేను ఆ గట్టు మీద చెయ్యి వేసి లోపలికి తొంగి చూశాను. ఎడారి గాలికి పెదాలు పగిలి రక్తం కారే నెల అది. అప్పుడు అర్థమైంది, ఆ పాముకి నిప్పులు కక్కాల్సిన పనేమీ లేదని. నీళ్ళ మీద కూర్చుంది, చాలు. నీ రాక్షసుడికి మూడు తలలున్నాయి గానీ ఊరికి కావలసింది ఒక్కటీ వాడి దగ్గర లేదు. అందుకే వాణ్ణి చూస్తే భయం వెయ్యలేదు.

ఇంకోటి. ఆ పాము పేరు సర్కి. హౌసాలో సర్కి అంటే రాజు! అప్పటిదాకా దౌరాని వరసగా రాణులే ఏలారట, ఆ తర్వాత రాజులు. ఆ కత్తికి తెగింది పాము తల ఒక్కటేనా? నేనే గనక కథకుణ్ణయితే ఈ కథని రాణి వైపు నుంచి రాసేవాణ్ణి.

ఇక నీ హీరో గుర్రం. మూడు రోజులు కీకారణ్యంలో దౌడు తీయించావు. చచ్చిపోతుందమ్మా. తడి అడవుల్లో త్సెత్సె అనే ఈగ ఉంటుంది. అది కుడితే గుర్రాలకీ పశువులకీ జబ్బు తగిలి చిక్కి శల్యమై పోతాయి. అందుకే అక్కడి అశ్వదళాల రాజ్యాలు ఎక్కువగా ఎండు మైదానాల్లో ఉన్నాయి. యొరుబాల ఓయో రాజ్యం వాళ్ళు గుర్రాలని ఉత్తరం నుంచి కొని తెచ్చుకునేవాళ్ళు. అంత గొప్ప దళమూ దట్టమైన అడవిలోకి పోతే పనికొచ్చేది కాదు. నీ కథకి ఇంతకన్నా మంచి మలుపు ఎక్కడ దొరుకుతుంది? తరుముకొచ్చే సైన్యం చెట్ల అంచున ఆగిపోవాలి, హీరోయిన్ కాలినడకన లోపలికి పోవాలి.

రంజాన్ పండక్కి కానోలో గుర్రాల ఊరేగింపు తీస్తారు, దర్బార్ అంటారు. కొన్ని గుర్రాలకి మన బొంత లాంటి కవచం వేస్తారు. లోపల దూది దట్టించి, ఎరుపూ పసుపూ గళ్ళతో కుట్టింది. పూర్వం యుద్ధానికి వేసిందీ అలాంటిదే. నా పక్కనుంచి ఒకటి పోతుంటే చెమటా దుమ్మూ కలిసిన వాసన గుప్పుమంది. నీ సైనికులకి తొడిగిన ఇనప కవచాలు తీసేసి బొంతలు తొడుగు. కత్తి కూడా వంపుది కాదు. వాళ్ళ తకోబి తిన్నగా ఉంటుంది, రెండు వైపులా పదును. చాలా కత్తులకి అలుగు యూరప్‌ది. ఎడారి దాటి వచ్చాక పిడి అక్కడ వేయించుకునేవాళ్ళు.

పదో పేజీలో హీరో పూటకూళ్ళమ్మ చేతిలో గవ్వల సంచి విసిరి గుర్రం కొన్నాడు. గవ్వలు పెట్టినందుకు శభాష్. అవి మాల్దీవుల నుంచి ఓడలెక్కి అంత దూరం వెళ్ళి డబ్బుగా చెల్లాయి. కానీ వాటిని బస్తాల లెక్కన కట్టేవాళ్ళు, బస్తాకి 20,000. గుర్రం కొనాలంటే కూలీలని పెట్టుకోవాలి, విసరడం కుదరదు.

మంత్రాల దగ్గరకొస్తాను. మా స్కూలు వాచ్‌మన్ దండకి తోలు తాయెత్తు ఉండేది, లాయా అంటారు. లోపల ఖురాన్ వాక్యం రాసిన కాగితం. జ్వరం వస్తే చెక్క పలక మీద సిరాతో వాక్యాలు రాయించి, ఆ సిరా కడిగిన నీళ్ళు తాగేవాడు. రాసిచ్చే గురువుని మాలం అంటారు. లెక్కలు చెప్పేవాణ్ణి కాబట్టి నన్నూ మాలం అనే పిలిచేవాళ్ళనుకో. ఒకసారి ఆ నీళ్ళు చూసి నవ్వాను. మూడు రోజులు నాకు ‘సన్ను’ అని పలకరింపు కూడా లేదు. నీ మాంత్రికుడు చెయ్యెత్తగానే మంట వస్తోంది. ఆ మంట వాడికెలా వచ్చింది, ఎవరు నేర్పారు, దానికి వాడు పోగొట్టుకున్నదేమిటి? ఒక్క ముక్క రాయలేదు.

పశ్చిమ ఆఫ్రికాలో మాలి సామ్రాజ్యం స్థాపించిన సుంజాటా కథలో, అతని శత్రువైన మాంత్రిక రాజు సుమంగురు కమ్మరి వంశం వాడు. ఇనుముని కరిగించేవాడి చేతిలో శక్తి ఉంటుందని అక్కడ కమ్మరులంటే గౌరవమూ భయమూ. మన మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉన్నట్టు, ఇతని చావు తెల్ల కోడిపుంజు కాలి ముల్లులో ఉంది. సుంజాటా అక్క ఆ రహస్యం రాబట్టింది. ఆ ముల్లు కట్టిన బాణం తగిలాక, 1235 ప్రాంతంలో, కిరినా యుద్ధంలో సుమంగురు ఓడిపోయాడు. భీమవరం వాళ్ళకి చెప్తే తెగ మురిసిపోతారు. అంత పెద్ద మంత్రం పెరట్లో తిరిగే కోడి దగ్గర ఆగిపోవడం చూడు. అయితే ఆ కోడిని ఎత్తుకొచ్చి నీ కథలో పెట్టకు. మీ దౌరా పెరట్లో ఏముందో వెతుక్కో.

రెండో డ్రాఫ్టు బావి దగ్గర కుండలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళతో మొదలుపెట్టు. గురువారం సాయంత్రం అనుకో, కుండలన్నీ ఖాళీ. పాముని నాలుగో పేజీ దాకా చూపించకు. ప్రింటుకి 64 రూపాయలయింది, మీ అమ్మ దగ్గర వసూలు చేస్తాను.

మీ మావయ్య